బందరు నుండి గోలకొండకు



నేడు నేను ప్రసంగింపవలసిన విషయము ఒక బాట. రాజులను గూర్చియు, కవులను గూర్చియు, పుణ్యక్షేత్రములను గూర్చియు మాటలాడుట మావంటి పంతుళ్ళకు అలవాటైన పని. బాటను గూర్చి చెప్పుటకు దుమ్మును, గులకరాళ్ళును తప్ప ఏమున్నదని ఒక మిత్రుడు నాతో పరిహాసమాడెను. కాని బాట లేనిదే రాజు దండు కదలదు. కవి ఆస్థానము చేరడు. సముద్రతీరమున పండిన ఉప్పు మెట్టసీమలోని కుండ కెక్కదు. కనుక ఈ పూట రాజుల నొక ప్రక్కన నుంచి బాటనే పట్టుకొని నడచెదము.

నేను చెప్పబోవునది బందరులో సముద్రపుటొడ్డున మొదలై, విజయవాడ, నందిగామ, కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు చేరు మార్గము. సర్కారు కాగితములలో దీనికి 65వ నంబరు జాతీయ రహదారి యని పేరు. 2010వ సంవత్సరము వరకు దీనిని 9వ నంబరుగా వ్యవహరించిరి. మన లారీ డ్రైవర్లలో పెద్దవారు నేటికిని ఆ పాత నంబరునే పలుకుదురు. ఇది హైదరాబాదుతో ఆగక పటాన్‌చెరువు, జహీరాబాదు, షోలాపురముల మీదుగా పూనా వరకు పోవును. ఆ పడమటి భాగమును నేను నేడు ముట్టను. ఒక్క మాట మాత్రము చెప్పి విడిచెదను: ఆ పటాన్‌చెరువు నేలిన అమీనుఖానునకే పొన్నికంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రము నంకితము చేసెను. అచ్చ తెనుగున పుట్టిన మొదటి కావ్యము ఒక మహమ్మదీయ ప్రభువు చేతికి చేరినది ఈ బాట ప్రక్కనే.

బందరు నుండి విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు. అచటి నుండి హైదరాబాదునకు సుమారు 270. పూర్వులు ఆమడలతో లెక్కించిరి. ఆమడ యనగా ఇంచుమించు ఎనిమిది మైళ్ళు. ఆ లెక్కను ఇది ఇరువదియారు ఆమడల దారి. బరువు మోయు పెరిక యెడ్ల బిడారు దినమునకు ఆమడ, మహా అయినచో ఆమడన్నర నడచెడిది. అనగా మూడు వారముల ప్రయాణము. పెరిక యనగా ఎద్దు వీపున రెండు ప్రక్కల వ్రేలాడు గోనెసంచి. ఆ సంచిని బట్టియే ఒక కులమునకు పేరు వచ్చినదన్నచో, ఈ వృత్తి మన దేశమున ఎంత పెద్దదో ఊహింపుడు. వారివలెనే లంబాడీలును వేలకొలది యెడ్లతో ఉప్పును పైకి గొనిపోయి ధాన్యమును దిగువకు దెచ్చెడివారు.

బాట ఎందుకు పుట్టినది? గోలకొండ రాజధాని రాళ్ళ నడుమ మెట్టసీమలో నున్నది. రాజ్యమునకు సంపద తెచ్చునది సముద్రము. కుతుబ్‌షాహీ సుల్తానులకు పారసీక దేశపు గుఱ్ఱములు కావలెను; మక్కా యాత్రకు ఓడలు కావలెను; పెగూ, అచీను మొదలగు తూర్పు రేవులతో బేరము కావలెను. ఆ పనులన్నింటికి వారి ముఖ్యమైన రేవు మచిలీపట్నమే. బందరు అను మాటకు పారసీకమున రేవు అనియే అర్థము. ఊరిని విడిచి రేవు అను మాటనే పేరుగా పిలిచిరనగా, ఆ కాలమున రేవనగానే తలపునకు వచ్చినది ఆ యొక్కటియే.

మచిలీ యనగా చేప గనుక మచిలీపట్నమనగా చేపల పట్టణమని పలువురు చెప్పుదురు. నేను దీని నంగీకరింపను. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునకు చెందిన ఒక గ్రీకు నావికుని గ్రంథమున ఈ తీరమునకు మసాలియా యని పేరున్నది. అచట సన్నని నూలు బట్టలు మిక్కుటముగా నేయుదురని ఆతడు వ్రాసెను. టాలమీ యను భూగోళవేత్త ఈ సీమను మైసోలియా యనియు, కృష్ణానదిని మైసోలస్ అనియు పేర్కొనెను. హిందూస్తానీ భాష పుట్టుటకు ఎన్నియో శతాబ్దములకు ముందే ఉన్న పేరునకు హిందూస్తానీ చేపను తెచ్చి అతికించుట వ్యుత్పత్తి కాదు, వినోదము.

ఆ నూలు బట్టయే ఈ బాటకు ప్రాణము పోసినది. చిరివేరు అను ఒక చిన్న మొక్క వేరునుండి ఎఱ్ఱరంగు తీసి, కలముతోను అచ్చుతోను అద్దిన బందరు బట్టలు పారసీకమునకును, ఐరోపాకును పోయెను. 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, తరువాత ఫ్రెంచివారును వచ్చి బందరున కోఠీలు కట్టుకొనిరి. నేటికిని ప్రక్కనున్న పెడనలో కలంకారీ అద్దకము సాగుచునే యున్నది.

బందరు విడిచిన బాట గూడూరు, పామఱ్ఱు, ఉయ్యూరు, కంకిపాడుల మీదుగా విజయవాడ చేరును. ఇది నల్లరేగడి నేల. ఆనకట్టకు పూర్వము వానకాలమున ఇచట బండి ఇరుసు వరకు దిగబడెడిది. 1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట వలన కాలువలు వచ్చి, కొంతకాలము సరకులు బండి దిగి పడవ నెక్కెను. పామఱ్ఱునకు దక్షిణముగా కొద్ది దూరమున కూచిపూడి యున్నది. తానీషా బందరు పోవుచు దారిలో భాగవతుల నాట్యమును చూచి మెచ్చి ఆ గ్రామమును వారి కిచ్చెనని పరంపరగా చెప్పుదురు. బాట లేకున్నచో ఆ రాజు ఆ పల్లెను చూచుట యెట్లు?

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్నల గుహలున్నవి. గుహలు ఆ మంత్రులకంటె వెయ్యేండ్లు పాతవి. కాని వా రచట విడిసి కచేరీ చేసిరని జనుల నమ్మకము. ఇచట నొక సంగతి గమనింపదగినది. ఈ బాట మొదటినుండి తుదివరకు కృష్ణకు ఉత్తరపుటొడ్డుననే యుండును. అంత పెద్దనదిని ఒక్కసారియైనను దాటదు. దాటవలసినవి మున్నేరు, పాలేరు, మూసీ. చిన్న యేళ్ళే యని చులకన చేయరాదు. వంతెనలు లేని దినములలో వానకాలమున మున్నేటి గట్టున బిడారులు నీరు తీయువరకు దినముల తరబడి పడియుండెడివి. పాతబాటల పై సత్రములును, అంగళ్ళును ఏళ్ళ యొడ్డున వెలసినందుకు కారణ మిదియే. ప్రయాణికుడు ఆగినచోట ఊరు మొలచును.

ఇక ఈ బాటను నడచి చూచి వ్రాసిన వారిలో ముఖ్యుడు తవర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు. ఆతడు 17వ శతాబ్దమున పలుమారులు తూర్పుదేశములకు వచ్చి, తన యాత్రలను 1676లో ప్రకటించెను. గోలకొండ నుండి మచిలీపట్నమునకు తిన్నని దారి 100 క్రోసులనియు, వజ్రపుగని మీదుగా పోయినచో 112 క్రోసులనియు వ్రాసి, తాను సాధారణముగా రెండవ దారినే పోయితినని చెప్పెను. రత్నవర్తకుడు గని చూడక పోవునా! ఆ గని కృష్ణకు దక్షిణపుటొడ్డున నున్న కొల్లూరు. ఆడవారు, మగవారు, పిల్లలు కలిసి ఇంచుమించు 60,000 మంది అచట పనిచేయుచుండిరని ఆతడు వ్రాసినాడు. ఆ కొల్లూరు నేల నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది.

తవర్నియే చెప్పిన మజిలీల పేర్లను మన నోట తిరిగి చక్కదిద్దుట పండితులకు మంచి క్రీడ. ఆతని 'వూషీరు' మన ఉయ్యూరు. 'నిలిమోరు' అనగా నిడుమోలు. 'బెజువారు' చెప్పనక్కరలేదు. 'జాతెనగరు' హయాత్‌నగరము. 'పతెంగి' అనునది చౌటుప్పలు దగ్గరి పంతంగి. 'పెంగెయులు' నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు. 'నాగెల్పారు' నేటి సూర్యాపేటకు దక్షిణమున నున్న నాగులపాడు. ఈ పట్టికను చూచినచో ఒక విషయము స్పష్టమగును. ఆనాటి బాట రెండు కొనలయందును నేటి బాటతో కలిసి పోయినను, నడుమ మాత్రము దక్షిణముగా వంగి పానగల్లు మీదుగా సాగెను. పానగల్లు అప్పటికే పాత రాజధాని. కందూరు చోడుల గుడులు, ఉదయసముద్రమను పెద్ద చెఱువు అచట నున్నవి. బాట ఒకనాడు నీటిని వెదకికొని పోయెడిది. నేటి బాట సూటిని వెదకును. ఎద్దునకు నీరు కావలెను, ఇంజనునకు దూరము తగ్గవలెను. తేడా అంతయు నందులోనే యున్నది.

తవర్నియే హైదరాబాదు సమీపమున తెనారా అను మజిలీని వర్ణించెను. అచట తోటలతో కూడిన చక్కని భవనములు నాలుగున్నవట. ఒకటి రాణిగారిది, తక్కినవానిలో బాటసారి యెవడైనను దిగవచ్చును. అంతేకాదు, బీదలకు వండిన అన్నము, రొట్టె, కూరలు పెట్టెడివారు. పరుల చేతివంట ముట్టని హిందువులకు పిండియు, కొంత నేయియు కొలిచి యిచ్చెడివారు. ఈ చివరి మాటను నేను మరల మరల చదివితిని. అన్నము పెట్టుట దానమే. కాని పుచ్చుకొనువాని ఆచారము చెడకుండ పెట్టవలెనను తలంపు దానముకంటె మించినది. ఆ తలంపు ఒక బాటకు సంబంధించిన ఏర్పాటుగా నుండెను.

విజయవాడ నుండి పడమటకు గొల్లపూడి, ఇబ్రహీంపట్నము దాటగానే ఉత్తరమున కొండపల్లి కోటయు, దాని క్రింద పొణికి కఱ్ఱతో బొమ్మలు చేయువారి వీధులును కలవు. తరువాతి ఊరు పరిటాల. అచట 2003లో నిలిపిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహమును బస్సులోనుండి అందఱును చూచి నమస్కరింతురు. ఊరి చరిత్రను మాత్రము అడుగువారు తక్కువ. ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి వదలుకొన్నప్పుడు నైజాము ప్రభువు వజ్రపుగనులున్న పరిటాల మొదలగు కొన్ని గ్రామములను తనకే నిలుపుకొనెను. అందువలన చుట్టును ఇంగ్లీషు నేల, నడుమ నైజాము నేల యని ద్వీపమువలె ఆ గ్రామము లుండెను. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినపుడు, ఆ ఊళ్ళవారు నైజాము అధికారమును త్రోసిపుచ్చి తమంతట తాము పాలన సాగించుకొనిరి.

దీనికి సరిగా తలక్రిందుగా నున్నది మునగాల పరగణా. కోదాడ దాటిన తరువాత వచ్చును. చుట్టును నైజాము రాజ్యము. నడుమ మునగాల మాత్రము కృష్ణా జిల్లాకు చెందిన ఇంగ్లీషు నేల. అనగా 1947కు పూర్వము విజయవాడ నుండి సూర్యాపేట పోవు బండివాడు పరిటాల వద్ద ఒక రాజ్యమున ప్రవేశించి, వెలువడి, పాలేటి వద్ద తిరిగి ప్రవేశించి, మునగాల వద్ద వెలువడి, మరల ప్రవేశించెడివాడు. ఒక్క బాటలో ఐదు మారులు రాజు మారును. మా పితామహులు నందిగామ తాలూకా నుండి మిరపకాయ బస్తాలతో సూర్యాపేట అంగడికి పోయెడివారు. దారిలో కరోడ్‌గిరీ నాకాల వద్ద సుంకము, అంగడిలో హాలీ సిక్కా, తిరిగి వచ్చినపిమ్మట కలదారు రూపాయి. ఆయనకు చదువు రాదు గాని ఆ రెండు నాణెముల మారకపు బట్టాను వ్రేళ్ళ కణుపులపై లెక్కించుటలో ఆయనతో సరితూగు వర్తకుని నేను చూడలేదు.

ఆ మునగాల ప్రభువు నాయని వేంకట రంగారావు బహదూరుగారు. వారి దివానుగా నుండినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. ఆయన జన్మస్థానమైన పెనుగంచిప్రోలు సైతము ఈ బాటకు చేరువలోనిదే. నైజాము రాజ్యమున తెలుగుబడి పెట్టుటయే కష్టముగా నున్న కాలమున, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దానికి మూలపురుషులలో ఈ రాజును, ఈ దివానును ఉన్నారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టెను. నైజాము నేల నడుమ నొక చిన్న ఇంగ్లీషు పరగణా యుండుట చరిత్రలో ఎవరును తలపెట్టి చేసినది కాదు. కాని తెలుగు పుస్తకములు పడమటికి పోవుటకు అది మెట్టుగా ఉపకరించెను. ఉప్పు పోయిన దారినే పుస్తకము పోయినది. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట ఆ పరగణాను నల్లగొండ జిల్లాలో చేర్చిరి. నేడది సూర్యాపేట జిల్లాలోనిది.

జగ్గయ్యపేటను మఱచితిని. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి పేర కట్టించిన పట్టణమది, అంతకుముందు బేతవోలు. ఊరి దగ్గరి గుట్టపై బౌద్ధస్తూప మున్నది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని శాసనము 1882లో అచట బయల్పడెను. బుద్ధుని కాలపు భిక్షువులు మొదలు నేటి లారీల వరకు ఈ నేల మీద కదలనివారు లేరు. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో కాకతీయుల సామంతులైన రేచెర్లవారు కట్టించిన శివాలయము లున్నవి. బాట నుండి కొలది దూరమే. చూడనివారు చూచి రండు.

బాటకు వైభవ మెట్లు పోయినదో క్లుప్తముగా చెప్పెదను. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టెను. రాజధాని పడగానే రేవు బేరము సన్నగిల్లెను. 1759లో బందరు కోట ఇంగ్లీషువారి వశమయ్యెను; కొలది యేండ్లకే సర్కారులును వారి వయ్యెను. అంతటితో రేవొకరిదియు, రాజధాని యొకరిదియు ఐనవి. రేవున ఇసుక మేటలు వేసి ఓడలు దూరమున నిలువవలసి వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ఊరిపై బడి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొనెను. 1889లో రైలు హైదరాబాదు నుండి విజయవాడ చేరెను; కాని అది ఓరుగల్లు, ఖమ్మముల మీదుగా చుట్టు తిరిగి వచ్చి, సూర్యాపేట సీమను విడిచిపెట్టెను. అప్పటినుండి మోటారు వచ్చువరకు ఈ బాట నిద్రించినదనవచ్చును. 1932లో నైజాము ప్రభుత్వము 27 బస్సులతో మొదలుపెట్టిన మోటారు శాఖయే తరువాతి కాలపు రోడ్డు రవాణా సంస్థలకు మూలము.

ఆ నిద్ర 1948 సెప్టెంబరు 13వ తేదీని ఒక్కసారిగా చెదరెను. భారత సైన్యము ముఖ్యముగా షోలాపురము వైపునుండియు, రెండవ దండుగా విజయవాడ వైపునుండియు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. ఈ రెండవ దండు నడచినది మన బాటనే. వెనుదీయుచున్న నైజాము సేన సూర్యాపేట దాటిన పిమ్మట మూసీ వంతెనను కూల్చెను గాని, కాపు పెట్టక పోయినందున సైనికులు దానిని వెంటనే సరిచేసికొని సాగిరి. ఐదవ దినమున, అనగా 17వ తేదీని, అంతయు ముగిసెను. సుంకపు నాకాలు, రెండు నాణెములు, ఐదు సరిహద్దులు క్రమముగా మాసిపోయెను. 2014లో రాష్ట్ర విభజన వలన పాలేటి వద్ద మరల నొక సరిహద్దు గీత పడినది. ఈ యేఱు సరిహద్దుగా నుండుట దానికి క్రొత్తగాదు.

2012 నాటికి విజయవాడ, హైదరాబాదుల నడుమ బాట నాలుగు వరుసలయ్యెను. చిల్లకల్లు, కొర్లపహాడు, పంతంగి యను మూడు చోట్ల సుంకపు గేట్లు వెలసినవి. తవర్నియే దిగిన పంతంగిలో నేడు ఎవ్వరును దిగరు. రుసుము చెల్లించి పోవుదురు.

ఇచట పెద్దలతో నొక మాట చెప్పవలసి యున్నది. నేను ఉద్యోగము చేసిన పల్లెలలో ఒకటి ఇట్టి పెద్దబాట ప్రక్కననే యుండెడిది. దాని పేరు చెప్పను. ఊరు బాటకు ఉత్తరమున, బడియు చెఱువును దక్షిణమున. వెడల్పు చేయుటకు ముందు పిల్లలు ఎడ్లబండి కిరుప్రక్కల చూచి దాటినట్లు దాటెడివారు. వెడల్పైన తరువాత నడుమ గోడవంటి అడ్డు లేచెను. దాటు స్థలము మైలున్నర దూరమున మిగిలెను. మైలున్నర నడచి దాటి, తిరిగి మైలున్నర వచ్చి బడి చేరు పిల్లవాడు ఏ లోకమున నున్నాడు? అడ్డెక్కి దూకుటయే. ఒక యేటి కార్తికమాసమున నాలుగవ తరగతి పిల్లవాడు లారీ క్రింద పడెను. ప్రాణము దక్కినది గాని కుడికాలు దక్కలేదు. ఆ తరువాత మేము ఒక కార్యాలయము చుట్టు రెండేండ్లు తిరిగితిమి. పటము ఆమోదింపబడినప్పుడు మీరేల ఆక్షేపింపలేదని యడిగిరి. నిజమే. ప్రకటన వచ్చిన పత్రికను ఊరిలో నెవ్వరును చదువలేదు. పటమును చూచినవాడొక్కడును లేడు.

కనుక వినుడు. 1956వ సంవత్సరపు జాతీయ రహదారుల చట్టము ప్రకారము భూమిని తీసికొనదలచినపుడు ప్రభుత్వము గెజెటులో ప్రకటన చేయవలెను. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో, అందొకటి దేశభాషలోనిదిగా, అచ్చొత్తింపవలెను. గెజెటు ప్రకటన వెలువడిన 21 దినములలోపల, ఆ భూమితో సంబంధముగల వారెవరైనను వ్రాతపూర్వకముగా ఆక్షేపణ తెలుపవచ్చును. నష్టపరిహారము ఎకరమునకెంత అను మాట తరువాతిది. ముందు పటము తెప్పించుకొని, బడి యేవైపు, చెఱువు ఏవైపు, శ్మశానము ఏవైపు, పశువులు ఎచట దాటును అని ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టుడు. పాత దిగుడుబావి, శాసనపు రాయి, కూలిన సత్రపు గోడ యున్నచో అదియు గుర్తింపుడు. కొలత గొలుసు పట్టుకొని వచ్చిన చిన్నవానికి ఇవి తెలియవు, తెలిసినవారు మీరే. ఒక్కొక్క దినమాలస్యమైన కొలది ఆ ఇరువది యొక్క దినములలో ఒకటి తఱుగును.

ఇక తుది మజిలీలు. నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పలు దాటిన తరువాత ఉత్తరమున కొలది దూరమున పోచంపల్లి. 1951 ఏప్రిలు 18వ తేదీని వినోబాభావే భూదానోద్యమము మొదలుపెట్టిన ఊరది. పిమ్మట హయాత్‌నగరము. మహమ్మదు కులీ కుతుబ్‌షా కూతురును, అబ్దుల్లా తల్లియునైన హయాత్ బక్షీ బేగము పేర వెలసినది. ఆమె కట్టించిన మసీదును, చుట్టును బాటసారులకై వరుసలు తీరిన గదుల సరాయియు, ఏనుగుల బావి యనబడు పెద్దబావియు నేటికిని కలవు. రాత్రికి నగరద్వారములు చేరలేని బిడారు అచట దిగెడిది. ఇపుడు నగరమే హయాత్‌నగరమును దాటి తూర్పునకు వచ్చినది. అచటి గదులలో ఒకదానియందు నేనొక మధ్యాహ్నము కూర్చుంటిని. బయట ఎండ నిప్పులు చెరుగుచుండగా, లోపల గోడ చల్లగా నున్నది.

బిడారు అటనుండి నగరము చొచ్చి, 1578లో కట్టిన పురానాపూలుపై మూసీని దాటి, కార్వాను అను పేటకు చేరెడిది. కార్వాను అనగా బిడారే. వజ్రములు సానబట్టువారును, అమ్మువారును అచట కాపురముండిరి. అచటి నుండి కోట కనబడును. గోలకొండ కోటకు గల ద్వారములలో ఒకదాని పేరు బంజారీ దర్వాజా. బందరు ఉప్పు మోసికొని వచ్చిన యెడ్లవారి పేరు ఆ రాతిద్వారమునకు నేటికిని నిలిచియున్నది.